మొదటి బిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోయాడు. రెండో బిడ్డకు నా పాలు పట్టవచ్చా?

అమ్మా, మీరు రాసినది, దానితో పాటు పంపిన ఆసుపత్రి కాగితాల ఫొటోలు రెండుసార్లు చూశాను. నా సమాధానమంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది కనుక ముందు వాటిని ఒకసారి చెప్పుకుందాం. మీ భర్త మీకు స్వయానా మేనమామ. మొదటి బాబు నెలలు నిండి 2.9 కిలోల బరువుతో పుట్టాడు, మొదటి మూడు రోజులు బాగానే పాలు తాగాడు. నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి, ఆరో రోజుకు కామెర్లు, ఆ తర్వాత మగత. తొమ్మిదో రోజు రక్తం కల్చర్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా పెరిగింది. కాలేయం ఉబ్బింది, సూది గుచ్చిన చోటల్లా రక్తం ఆగలేదు, రక్తం, ప్లాస్మా ఎక్కించారు, పదమూడో రోజు బాబు దక్కలేదు. డిశ్చార్జి కాగితం మీద ‘నియోనేటల్ సెప్సిస్’, అంటే పసిబిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్, అని మాత్రమే ఉంది. ఇప్పుడు మీకు మళ్లీ తొమ్మిదో వారం. మీ అత్తగారు, అంటే మీ అమ్మమ్మే, ‘నీ పాలు బిడ్డకు పడలేదు’ అంటున్నారు. ఒక డాక్టరు జన్యు పరీక్ష చేయించుకోమన్నారు, మరొకరు అది మామూలు ఇన్ఫెక్షనే, మళ్లీ రాదన్నారు. ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తుందా, ఏ జన్యు పరీక్ష చేయించుకోవాలి, ఈసారి మీ పాలు పట్టవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను ఇరవయ్యేళ్లకు పైగా నవజాత శిశువుల విభాగంలో పని చేస్తున్నాను. మీవి మూడు వేర్వేరు ప్రశ్నలు కావనీ, ఒకే ప్రశ్నకు మూడు ముఖాలనీ నా అనుమానం. ఆ అనుమానానికి కారణం డిశ్చార్జి కాగితం కాదు, మీరు ఆఖర్న పంపిన నర్సుల చార్టు. అందులో ఏడో రోజు వరసలో ఎవరో చేత్తో ‘యూరిన్ రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్ ++, స్ట్రిప్ గ్లూకోజ్ నిల్’ అని రాశారు. మూత్రంలో చక్కెర ఉంది, అది గ్లూకోజు కాదు అని దాని అర్థం. అదే రోజు వాంతుల వల్ల పాలు ఆపి సెలైన్ పెట్టారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి ‘బేబీ యాక్టివ్, వాంతులు లేవు’ అని ఉంది. ఆ సాయంత్రం గొట్టం ద్వారా తిరిగి పాలు మొదలుపెట్టారు, రాత్రికి మళ్లీ వాంతులు, మగత. పాలు ఆపితే తేరుకోవడం, పాలు పడితే పడిపోవడం, మూత్రంలో గ్లూకోజు కాని మరేదో చక్కెర ఉండటం, కాలేయం దెబ్బతినడం, ఆ పైన ఈ.కోలై, దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి: ఇవన్నీ ఒకచోట కనబడితే నవజాత శిశు వైద్యులు మొదట తలచుకోవలసిన పేరు గెలాక్టోసీమియా, పాలలోని చక్కెరలో ఒక భాగాన్ని శరీరం వాడుకోలేని పుట్టుక జబ్బు.

ఆ వ్యాధి గురించి చెప్పే ముందు, మీ ప్రశ్న చూసి ఈ సమాధానం చదువుతున్న ఇతర తల్లులకు ఒక మాట. తల్లిపాలు పట్టకూడని పరిస్థితులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే. హెచ్‌ఐవీ ఉన్న తల్లి కూడా క్రమం తప్పకుండా, ఆ వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతూ పాలు ఇవ్వవచ్చని మన దేశంలోనూ సలహా ఇస్తున్నారు. ముర్రుపాలలోని యాంటీబాడీలు, లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీన్, బిడ్డ అరిగించుకోలేకపోయినా పేగులోని మంచి బాక్టీరియాకు మేతగా పనికివచ్చే ప్రత్యేక చక్కెరలు, ఇవన్నీ కలిసి ఇచ్చే రక్షణ ఏ డబ్బాలోనూ దొరకదు. నేను ఇక్కడ చెప్పేది ఎన్నో వేలమందిలో ఒక్క బిడ్డకు వచ్చే జబ్బు గురించి. దీన్ని చదివి వాంతి చేసుకున్న ప్రతి పసిబిడ్డకూ పాలు మాన్పించవద్దు.

పాలలోని తీపి లాక్టోజు అనే చక్కెర వల్ల వస్తుంది. పేగులో అది గ్లూకోజు, గెలాక్టోజు అనే రెండు సగాలుగా విడిపోతుంది. గెలాక్టోజును శరీరం నేరుగా వాడుకోలేదు, దాన్ని మెట్టు మెట్టుగా గ్లూకోజు దారిలోకి మళ్లించాలి. ఈ దారిని కనిపెట్టిన అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో రెండో మెట్టు మీద పని చేసే ఎంజైమును గాల్ట్ అంటారు. అది లేకుండా పుట్టిన బిడ్డలో గెలాక్టోజు-1-ఫాస్ఫేట్ అనే పదార్థం కాలేయంలో, మూత్రపిండాల్లో, మెదడులో పేరుకుపోతుంది. గెలాక్టోజులో కొంత భాగం మరో పదార్థంగా మారి కంటి కటకంలో చేరి, నీళ్లలో నూనె చుక్క తేలినట్లు కనబడే శుక్లాన్ని కలిగిస్తుంది. ఎంత గెలాక్టోజు లోపలికి వెళ్తుందో లెక్క వేసి చూడండి. తల్లిపాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల లాక్టోజు ఉంటుంది. మూడు కిలోల లోపు బిడ్డ వారం తిరిగేసరికి రోజుకు 430 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. అంటే రోజుకు 30 గ్రాముల లాక్టోజు, అందులో సగం, 15 గ్రాముల గెలాక్టోజు. మూడు టీ చెంచాల నిండా పంచదార ఎంత ఉంటుందో అంత. పాలు బాగా తాగే బిడ్డ ఇందులో త్వరగా పడిపోతుంది. మీ బాబు మొదటి మూడు రోజులు చక్కగా తాగాడని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక ఇన్ఫెక్షన్ సంగతి. గెలాక్టోసీమియా ఉన్న పసిబిడ్డలు ఈ.కోలై సెప్సిస్‌కు విపరీతంగా లోనవుతారని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టిన పిల్లల పరీక్షల అనుభవం ఆధారంగా హార్వీ లెవీ బృందం 1977లో ప్రచురించింది. మడమ రక్తం పరీక్ష ఫలితం చేతికి వచ్చేలోపే కొందరు పిల్లలు ఇన్ఫెక్షన్‌తో చనిపోవడం వాళ్లు గమనించారు. గెలాక్టోజు ఎక్కువగా ఉన్నచోట పసిబిడ్డ తెల్ల రక్తకణాలు బాక్టీరియాను చంపే శక్తి తగ్గుతుందని తర్వాత ప్రయోగశాలల్లో చూపారు. కనుక సెప్సిస్ అన్న రోగ నిర్ణయం తప్పు కాదు, మీ బాబుకు నిజంగానే ఇన్ఫెక్షన్ ఉంది. అయితే అది వచ్చిన తలుపు ఏదో ఎవరూ వెతకలేదు. ఈ.కోలై రాగానే యాంటీబయాటిక్ రాసి ఊరుకోవడం మా వృత్తిలో చాలా సహజంగా జరిగే పొరపాటు, ఎందుకంటే కల్చర్ రిపోర్టు ఒక సమాధానంలా కనిపిస్తుంది.

కానీ అవతలి పక్షం కూడా చెప్పాలి. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో జరిగి 2016లో వెలువడిన నవజాత శిశు ఇన్ఫెక్షన్ల అధ్యయనంలో, రక్తంలో పెరిగిన బాక్టీరియాలో సుమారు 14 శాతం ఈ.కోలై, అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా అంతకన్నా ఎక్కువ. అంటే మన ఆసుపత్రుల్లో ఏ జన్యులోపమూ లేని పిల్లలకు కూడా ఈ.కోలై వస్తూనే ఉంటుంది. మూత్ర పరీక్షా రుజువు కాదు. పూర్వం నుంచి చేసే బెనెడిక్ట్ పరీక్షలో నీలి ద్రావకంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తారు. చక్కెర ఉంటే రంగు ఆకుపచ్చకో, పసుపుకో, ఇటుక ఎరుపుకో తిరుగుతుంది. అది గ్లూకోజుకూ తిరుగుతుంది, గెలాక్టోజుకూ తిరుగుతుంది. స్ట్రిప్ మాత్రం గ్లూకోజును ఒక్కదాన్నే పట్టుకుంటుంది, అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. అయినా వేరే కారణంతో కాలేయం బాగా చెడిన బిడ్డలోనూ గెలాక్టోజు మూత్రంలోకి రావచ్చు, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. కనుక ఇది గట్టి అనుమానమే తప్ప నిర్ధారణ కాదని గుర్తుంచుకోండి.

అనుమానితుల జాబితాలో పుట్టుకతో వచ్చే జబ్బులు ఇంకా కొన్ని ఉన్నాయి. టైరోసినీమియా కాలేయాన్ని ఇలాగే దెబ్బ తీస్తుంది. ఆర్గానిక్ అసిడీమియాలు, యూరియా చక్రపు లోపాలు అనే జీవక్రియ జబ్బులు అచ్చం సెప్సిస్‌లా మొదలవుతాయి. అడ్రినల్ గ్రంథి లోపంతో పుట్టిన మగపిల్లలు రెండో వారంలో వాంతులతో, నీరసంతో పడిపోతే అదీ సెప్సిస్‌గానే నమోదవుతుంది. ఈ చివరి జబ్బు మన దగ్గర తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పిల్లలను పరీక్షించి రాధారమాదేవి, నౌషాద్ 2004లో ప్రచురించిన పరిశోధనలో అది దాదాపు 2,575 మందికి ఒకరిలో, థైరాయిడ్ లోపం 1,700 మందికి ఒకరిలో కనిపించాయి. మీ ఫైలులో సోడియం, పొటాషియం సంఖ్యలు ఉండే ఉంటాయి. సోడియం బాగా తగ్గి, పొటాషియం బాగా పెరిగి ఉంటే నాకు తెలియజేయండి, అప్పుడు కథ మారుతుంది.

ఇప్పుడు జన్యు పరీక్ష. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ బిడ్డకు అందాలి. ఒక్కటే చెడి ఉన్నవాళ్లు జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటారు, తాము వాహకులమని వాళ్లకు తెలియదు కూడా. మేనమామ, మేనకోడలు పెళ్లాడినప్పుడు బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకున్నవారి పిల్లల్లో అది పదహారింట ఒకటి. దీని అర్థం ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి జబ్బు వస్తుందని కాదు. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఏదైనా జన్యువులో ఒక చెడు ప్రతి ఉంటే, అది ఒక పక్క మీ అమ్మ ద్వారా మీకూ, మరో పక్క నేరుగా మీ భర్తకూ చేరి, మీ బిడ్డ దగ్గర మళ్లీ కలుసుకునే దారి ఉందని అర్థం. మీరిద్దరూ వాహకులే అయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కనుక ఈసారి రాదనే లెక్క ఇందులో లేదు.

బాబు రక్తంతో ఎంజైము పరీక్ష చేసి ఉంటే బాగుండేదని ఎవరైనా అనవచ్చు. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఈ విభాగంలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, కామెర్లు, కాలేయ వాపుతో వచ్చిన ఒక పాపకు రక్తం ఎక్కించిన మర్నాడు గాల్ట్ పరీక్షకు నమూనా పంపాను. ఫలితం నార్మల్ అని వచ్చింది. నమ్మి పాలు తిరిగి మొదలుపెట్టించాను, పాప మళ్లీ పడిపోయింది. ఆ ఎంజైమును కొలిచేది ఎర్ర రక్తకణాల్లో. మేము కొలిచింది పాప రక్తాన్ని కాదు, రక్తదాత రక్తాన్ని. దాత కణాలు ఒంట్లో ఉన్నంతకాలం, అంటే ఇంచుమించు మూడు నెలలు, ఆ ఫలితానికి విలువ లేదు. రక్తం ఎక్కించేలోపు ఒక నమూనా తీసి పెట్టడం, వీలుకాకపోతే తల్లిదండ్రుల నమూనాలు పంపడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. మీ బాబుకు పదో రోజున రక్తం ఎక్కించారు, కనుక ఆ తర్వాత తీసిన ఏ నమూనా మీదైనా ఎంజైము పరీక్ష జరిగి ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

అయితే ఒక దారి ఇంకా మూసుకుపోలేదు. మూడో రోజున మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి కార్డు మీద పెట్టారని మీరు రాశారు. ఆ స్క్రీనింగ్‌లో థైరాయిడ్ ఒక్కటే చూశారని రిపోర్టు చెబుతోంది. రక్తం ఎక్కించకముందు తీసిన ఆ కార్డు ల్యాబులో ఇంకా భద్రంగా ఉంటే, ఎండిన ఆ మరకలోంచి డీఎన్‌ఏ తీసి గాల్ట్ జన్యువును చదవవచ్చు. ఎంజైము వేడికీ తేమకీ చెడిపోతుంది, మన వేసవిలో కొరియర్ సంచిలో మూడు రోజులు తిరిగిన కార్డులో జబ్బు లేని బిడ్డకు కూడా ఎంజైము లేనట్లు కనబడుతుంది. డీఎన్‌ఏ మాత్రం అంత సులభంగా చెడదు. ల్యాబులు ఇలాంటి కార్డులను కొంతకాలం ఉంచి పారేస్తాయి, కాబట్టి ఆసుపత్రికి ఈ వారమే ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, ఫోనులో అడిగి ఊరుకోవద్దు.

కార్డు దొరికినా దొరకకపోయినా మీ ఇద్దరి రక్తం పరీక్షకు వెళ్లాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెబుతాను. ‘సాధారణంగా కనిపించే నాలుగైదు మార్పులు’ మాత్రమే చూసే చౌక పరీక్ష వద్దు. ఐరోపా వారిలో ఎక్కువగా కనిపించే క్యూ188ఆర్ అనే మార్పు మన దేశంలో అరుదు, మన పిల్లల్లో మార్పులు ఒక్కో కుటుంబంలో ఒక్కో రకంగా ఉంటాయి, కాబట్టి ఆ జాబితాలో లేదన్నంత మాత్రాన ఊరట పడలేం. అలాగే గాల్ట్ ఒక్కదానికే పరిమితం కావద్దు. నా అనుమానం తప్పయితే, మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న చెడు జన్యువు మరేదో అయి ఉంటుంది. అందుకని మీ ఇద్దరికీ కలిపి ఎక్సోమ్ సీక్వెన్సింగ్ (జన్యువుల్లో ప్రొటీన్లను తయారు చేయించే భాగాలన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష) చేయించి, ముందుగా గాల్ట్‌ను, తర్వాత కాలేయ, జీవక్రియ, రోగనిరోధక లోపాల జన్యువులను చూడమని అడగండి. దానితో పాటు మీ ఇద్దరి ఎర్ర రక్తకణాల్లో గాల్ట్ ఎంజైము కూడా కొలిపించండి. వాహకుల్లో అది ఇంచుమించు సగం ఉంటుంది. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోతే మామూలు సీక్వెన్సింగ్ దాన్ని చూడలేకపోవచ్చు, అప్పుడు ఈ సంఖ్య మనల్ని హెచ్చరిస్తుంది.

రిపోర్టులో ‘అర్థం నిశ్చయంగా తెలియని మార్పు’ అన్న ధోరణిలో ఏదైనా వస్తే కంగారు పడవద్దు, దాని మీద ఆధారపడి గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. డ్యువార్టే అనే మార్పు మన దేశంలో తరచుగా కనిపిస్తుంది, అది ఎంజైమును కొంత తగ్గిస్తుందే కాని జబ్బు తేదు. ఒక పక్క డ్యువార్టే, మరో పక్క అసలు చెడిన జన్యువు ఉన్న పిల్లల ఎదుగుదల మామూలు పిల్లల ఎదుగుదలకు తీసిపోలేదని అమెరికాలో 350 మంది పిల్లలను పరీక్షించి 2019లో ప్రచురించారు. ఆ పిల్లలకు తల్లిపాలు ఆపవలసిన పని లేదు. ఇలాంటివి విడమరచి చెప్పడానికే జెనెటిక్ కౌన్సెలింగ్ ఉన్నది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అది డీఎన్‌ఏ పరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీతో కలిసి పని చేస్తుంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రం కూడా అదే, ఆ విధానంలో ప్రత్యేక ఆహారంతో నెట్టుకు రాగల జబ్బుల జాబితాలో గెలాక్టోసీమియా ఉంది.

మీకు ఇప్పుడు తొమ్మిదో వారం కనుక కాలం ఉంది కానీ వృథా చేసేంత లేదు. సీక్వెన్సింగ్‌కు కొన్ని వారాలు పడుతుంది. ఇద్దరిలోనూ మార్పు దొరికితే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16వ వారం తర్వాత ఉమ్మనీరు తీసి బిడ్డకు ఆ మార్పు రెండు ప్రతుల్లోనూ ఉందో లేదో చూడవచ్చు. చేయి తిరిగినవారు చేస్తే గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ప్రకారం ఈ పరీక్షలు రిజిస్టరైన కేంద్రాల్లోనే, మీ రాతపూర్వక సమ్మతితోనే జరగాలి, ఆడో మగో చెప్పరు, మీరు అడగనూకూడదు. జబ్బు ఉందని తేలితే గర్భాన్ని కొనసాగించాలా వద్దా అన్నది మీ దంపతుల నిర్ణయం. ఆ నిర్ణయానికి పనికివచ్చే నిజం మాత్రం చెబుతాను. పుట్టిన నాటి నుంచే పాలు లేకుండా పెంచితే బిడ్డ బతుకుతుంది, కాలేయం బాగుంటుంది, శుక్లాలు రావు. కానీ శరీరం తనంతట తాను కూడా కొంత గెలాక్టోజును తయారు చేసుకుంటుంది కాబట్టి, ఆహారం ఎంత కచ్చితంగా పాటించినా చాలామంది పిల్లల్లో మాట ఆలస్యం కావడం, చదువులో ఇబ్బంది, ఆడపిల్లల్లో ఎక్కువమందికి అండాశయాలు త్వరగా పని మానేయడం కనిపిస్తాయి. కొందరు దంపతులు గర్భాన్ని తొలగించుకోవడం కోసం కాక, మొదటి రోజు ఏ పాలు పట్టాలో తెలుసుకోవడానికే ఈ పరీక్ష చేయించుకుంటారు. అదీ సరైన కారణమే.

ఈలోగా మీరు పాలూ పెరుగూ మానేయవద్దు. మీరు మానినంత మాత్రాన కడుపులో బిడ్డకు ఉపయోగం ఉన్నట్లు తేలలేదు, మానితే మీకు కాల్షియం, మాంసకృత్తులు తగ్గుతాయి.

ఇక మీ అసలు ప్రశ్న. గర్భంలోనే పరీక్ష చేసి బిడ్డకు జబ్బు లేదని తేలితే, పుట్టిన మొదటి గంటలోనే రొమ్ముకు పెట్టండి, ఆరు నెలలు మీ పాలు తప్ప ఇంకేమీ వద్దు. వాహకుడని తేలినా అంతే. జబ్బు ఉందని తేలితే మీ పాలు ఒక్క చుక్క కూడా పట్టకూడదు, మొదటి పూట నుంచే సోయాతో తయారైన శిశు ఆహారం పెట్టాలి. నెలలు తక్కువ పుట్టిన బిడ్డకు మాత్రం సోయా తగదు, దానికి గెలాక్టోజు లేని వేరే ప్రత్యేక ఆహారం ఉంటుంది. పరీక్షే జరగలేదనుకోండి, లేదా ఫలితం రాలేదనుకోండి, అప్పుడు నేను ఐర్లాండ్ పద్ధతిని పాటిస్తాను. అక్కడ ట్రావెలర్లు అనే సంచార సమాజంలో తమలో తాము పెళ్లిళ్లు ఎక్కువ, సుమారు 500 మంది పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. అందుకని వాళ్ల పిల్లలకు పుట్టగానే రక్తం తీసి, గాల్ట్ ఎంజైము ఉంటే మెరుపు చూపే బ్యూట్లర్ పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా సోయా ఆహారం పట్టి, జబ్బు లేదని తెలియగానే తల్లిపాలకు మారుస్తారు. మీ విషయంలోనూ పుట్టగానే, ఏ పాలూ పట్టకముందే నమూనా తీయవచ్చు, ఎంజైమును కొలవడానికి బిడ్డ పాలు తాగి ఉండనక్కరలేదు. బ్యూట్లర్ పరీక్షలో మెరుపు కనిపించకపోవడానికి మన దేశంలో మామూలుగా ఉండే జీ6పీడీ అనే మరో ఎంజైము లోపం కూడా కారణం కావచ్చు, కనుక దాన్నీ కలిపి చూడమనండి.

ఫలితం కోసం ఎదురుచూసే ఆ రెండు మూడు రోజులూ మీరు చేయవలసిన పని ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, చేత్తోనో పంపుతోనో పాలు పిండి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టించండి. మీ ఇద్దరూ వాహకులే అయినా నాలుగింట మూడు వంతుల అవకాశం ఆ బిడ్డకు మీ పాలు పనికివస్తాయన్నదే. పిండకుండా ఊరుకుంటే, శుభవార్త వచ్చేసరికి పాలు తగ్గిపోయి ఉంటాయి.

డబ్బా విషయంలో పొరపాట్లు జరిగేది ఇక్కడే. అంగట్లో దొరికే సోయా పానీయం శిశువుల ఆహారం కాదు. ‘లాక్టోజ్ ఫ్రీ’ అని రాసి ఉన్న ప్రతి పాలూ పనికిరావు, ఎంజైముతో లాక్టోజును విడగొట్టిన పాలలో గెలాక్టోజు అలాగే ఉంటుంది. ఆవు, గేదె, మేక పాలు అసలే వద్దు. మన ఊళ్లలో పసిబిడ్డకు కఫం పోతుందనో, ఉబ్బసం రాదనో ఉగ్గు గిన్నెడు గాడిద పాలు పడతారు, గాడిద పాలలో లాక్టోజు దాదాపు మనిషి పాలలో ఉన్నంత ఉంటుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, అందుకే వాళ్లను కాన్పుకు ముందే కూర్చోబెట్టి చెప్పాలి. తేనె నాకించడం ఏ బిడ్డకూ మంచిది కాదు.

ఇంకో జాగ్రత్త టీకాల గురించి. తోబుట్టువు పసితనంలోనే ఇన్ఫెక్షన్‌తో పోయినప్పుడు, రోగనిరోధక శక్తే పుట్టుకతో లేని జబ్బు ఉందేమోనని కూడా చూడాలి. మన దగ్గర పుట్టగానే వేసే బీసీజీలో ఉన్నది బతికి ఉన్న బాక్టీరియా, అలాంటి బిడ్డకు అదే ప్రాణాంతకం కాగలదు. బొడ్డు తాడు రక్తంలో లింఫోసైట్ల (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాల) సంఖ్య చూసి, అది బాగుందని తేలాకే బీసీజీ, పోలియో చుక్కలు వేయించమని మీ పిల్లల డాక్టరుతో ముందే మాట్లాడండి. ఇది వాయిదా మాత్రమే, మానేయడం కాదు.

చివరిగా మీ అమ్మమ్మగారి మాట. ‘పాలు పడలేదు’ అన్నది పల్లెల్లో తరతరాలుగా ఉన్న మాట, బహుశా ఇలాంటి పిల్లలను చూసే పుట్టి ఉంటుంది. నా అనుమానం నిజమే అయితే ఆమె చూసింది అబద్ధం కాదు, చెప్పిన కారణం తప్పు. మీ పాలలో ఏ దోషమూ లేదు, లాక్టోజు లేని తల్లిపాలు లోకంలో లేవు. లోపం బిడ్డకు అందిన రెండు జన్యువుల్లో ఉంది, అందులో ఒకటి మీ నుంచి, ఒకటి మీ భర్త నుంచి, ఆ రెండూ ఆమె నుంచో మీ తాతయ్య నుంచో. ఈ సంగతి ఆమెకు ఎప్పుడు, ఎలా చెప్పాలో మీకే తెలుసు, చెప్పకపోయినా పరీక్షకు ఇబ్బంది లేదు.

జెనెటిక్స్ విభాగానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే తీసుకువెళ్లకండి. నర్సుల చార్టు, సోడియం, పొటాషియం చూపే ఎలక్ట్రోలైట్ రిపోర్టులు, రక్తం ఎక్కించిన తేదీ, సమయం ఉన్న కాగితం, మడమ పరీక్ష కార్డు నంబరు ఉండాలి. ఏడో రోజు వరసలో చేత్తో రాసిన ఆ ఒక్క లైను దగ్గర ఒక చీటీ అంటించి పెట్టండి, ఎంత హడావిడిలో ఉన్న డాక్టరైనా అక్కడ ఆగి చదువుతారు.